పద్నాలుగో నంబరు... ప్రెజెంట్ టీచర్!

పాత బడి స్నేహితులంతా ఒకచోట కలుద్దామన్న ఆలోచన మొదట మా క్లాసు మగపిల్లలకే వచ్చింది. మగపిల్లలు అంటున్నానని నవ్వకండి. ఒకరికి బట్టతల, ఇంకొకరికి షుగరు, నలుగురైదుగురికి మనవలు కూడా! కానీ పదో తరగతిలో విడిపోయినవాళ్లం కదా, ఒకరికొకరం ఇంకా మగపిల్లలం, ఆడపిల్లలమే.

మాది తిరుచానూరు. మా చుట్టుపక్కల పల్లెల పిల్లలందరం ఒకే హైస్కూలుకి నడిచిపోయేవాళ్లం. 1983లో పదో తరగతి పరీక్షలు రాశాం. "2023కి నలభై ఏళ్లు నిండుతాయి, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు?" అంటూ మా క్లాసతను ఒకాయన చిత్తూరులో ఉన్న నాకు ఫోన్ చేశాడు. సరేనన్నాను. అంతే, ఆడపిల్లల్ని వెతికే పని నా నెత్తిన పడింది.

ఇంటిపేరు మారె, ఊరూ మారె

మగపిల్లలందరూ పది రోజుల్లో దొరికారు. ఉద్యోగాల కోసం బెంగుళూరు, మద్రాసు వెళ్లినా ఇంటిపేరు అదే, ఇల్లు అదే. టీ అంగట్లో అడిగితే ఫోన్ నంబరు చేతిలో పెడతారు.

ఆడపిల్లల సంగతి అలా కాదు. పదో తరగతి గ్రూప్ ఫోటోలో మేం తొమ్మిదిమంది. పెళ్లితో అందరి ఇంటిపేర్లూ మారాయి, ఊళ్లూ మారాయి. ఒకమ్మాయికైతే అత్తగారి పేరూ ఆమె పేరూ ఒకటేనని పెళ్లిలోనే పేరు మార్చేశారట! ఒకరి తమ్ముడు "మా బావను అడిగి చెప్తా" అన్నాడు. యాభై ఆరేళ్ల మనిషి ఫోన్ నంబరు ఇవ్వడానికి బావగారి అనుమతి! ఇంకొకరి వదిన "ఆమె ఆయన పోయినప్పటి నుంచి యాడికీ రాదమ్మా" అంది.

చివరికి నన్ను ఒడ్డెక్కించింది అమ్మవారి గుడి దగ్గర పూలంగడి పెట్టుకున్న మా ఊరి మనిషి. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా నేను ఆమె దగ్గరే పూలు తీసుకుంటాను. ఎవర్ని ఏ ఊరికిచ్చారు, ఎవరి అల్లుడు ఏం చేస్తున్నాడు, ఎవరు పండక్కి వస్తారు, ఎవరు రారు, అన్నీ ఆమె నాలుక చివర ఉంటాయి.

తేదీ కూడా ఆమే చెప్పింది. మా వైపు ఆడపిల్లలకు పుట్టింటికి రావడానికి సంక్రాంతి తర్వాత పెద్ద సాకు పంచమి తీర్థమే. కార్తీక బ్రహ్మోత్సవాల చివరి రోజున, శుద్ధ పంచమినాడు, తిరుమల నుంచి అమ్మవారికి సారె వస్తుంది. పద్మసరోవరంలో మునకకు జనం ఇసక వేస్తే రాలనంతమంది. ఆ ఏడాది తీర్థం శనివారం వచ్చింది. "మర్నాడు ఆదివారం పెట్టుకోండి మే. ఆడోళ్లందరూ ఊళ్లోనే ఉంటారు, ఇంకోసారి బస్సు చార్జీలకు ఎవర్నీ అడుక్కోబళ్లేదు" అంది. ఈ మాట మగపిల్లల్లో ఒక్కడికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

చిరునామాలన్నీ రాసుకుని లేవబోతుంటే అడిగింది. "ఎంతమంది వస్తా ఉండారు మే ఆడోళ్లు?"

"తొమ్మిదిమందిమి కదా, ఏడుగురైనా వస్తారు" అన్నాను.

ఆమె దారం ముడి వేస్తూ తలెత్తకుండానే అంది. "ఆరో క్లాసులో ఇరవై రెండు మందిమి కదా మే ఉండింది?"

మేం జరిగి కూర్చున్నాం

అవును. ఇరవై రెండు మందిమి! హాజరు పట్టీలో మొదటి ఇరవై రెండు నంబర్లు మావే. ఆమెది పద్నాలుగు, నాది పదిహేను. ఒకే బెంచీ. నాకు లెక్కలు రాకపోతే ఆమె పలక వంచి చూపించేది. ఆమె తెచ్చిన ఊరిబిండి, నేను తెచ్చిన పెరుగన్నం కలిపి తినేవాళ్లం. ఇన్నేళ్లుగా ఆమె దగ్గర పూలు కొంటూ, బాగోగులు అడుగుతూ, 'నాతో చదువుకుంది' అని మా పిల్లలకు చెబుతూనే ఉన్నాను. కానీ పాత విద్యార్థుల కలయిక అనగానే పిలవాల్సినవాళ్లలో ఆమె ఒకతని నాకు తోచనే లేదు. ఎదురుగా కూర్చుని అందరి చిరునామాలూ ఆమెనే అడిగాను!

1980లో, ఎనిమిదో తరగతిలో, దసరా సెలవులకు ఆమె పెద్దమనిషైంది. సెలవులైపోయాక బడికి రాలేదు. ఆ ఖాళీ చోటు రెండు రోజులు అలాగే ఉంది. మూడో రోజు మేం జరిగి కూర్చున్నాం. ఎందుకు రావడం లేదని ఇంటికి వెళ్లి నేను అడిగిన గుర్తు లేదు.

"నువ్వూ రా మే" అన్నాను, గొంతు పెగుల్చుకుని. ఆమె నవ్వింది. "నేను పది చదవలేదు కదా మే. నా పేరు మీ పట్టీలో యాడ ఉంటాది?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి మగపిల్లలకు చెప్పాను, జాబితా పదో తరగతి నుంచి కాదు, ఆరో తరగతి నుంచి రాయాలని. ఒకరిద్దరు గొణిగారు. "వాళ్లు మన బ్యాచి కాదు కదా" అని ఒకాయన అననే అన్నాడు. ఇప్పటి హెడ్‌మాస్టరుగారు మంచి మనిషి. పాత అడ్మిషన్ రిజిస్టరు తీయించారు. బడిలో చేరిన తేదీ ఉన్నట్టే వదిలిన తేదీకీ అందులో ఒక గడి ఉంటుంది. పదమూడు మంది ఆడపిల్లల పేర్లకు ఎదురుగా ఆ గడి పదో తరగతికి ముందే నిండిపోయింది.

మన ఇంటి ముందే చదువు

అప్పటి రోజులు అలాంటివి అని సరిపెట్టుకుంటాం. నిజమే, 1981 జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో ఆడవాళ్ల అక్షరాస్యత 20 శాతం దగ్గరే ఉంది. కానీ మా ఊరికి తిరుపతి ఎంత దూరం? అయిదు కిలోమీటర్లు! అక్కడ పద్మావతి మహిళా కళాశాల 1952 నుంచీ ఉంది. మేం పది పూర్తి చేసిన 1983లోనే పద్మావతి పేరుతో మహిళా విశ్వవిద్యాలయం కూడా వచ్చింది. రాష్ట్రం నలుమూలల నుంచీ ఆడపిల్లలు చదువుకోవడానికి మా అమ్మవారి పేరున్న చోటికి వచ్చారు. అమ్మవారి గుడి నీడలో పుట్టిన మావాళ్లు మాత్రం ఎనిమిదో తరగతి దాటలేదు.

చట్టం లేదా అంటే అదీ ఉంది. ఆడపిల్ల పెళ్లి వయసును 18 ఏళ్లకు పెంచింది 1978లో, సరిగ్గా మేం ఆరో తరగతిలో చేరిన ఏడాది. ఆ సంగతి మా ఇళ్లల్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో చిన్నపిల్లల్ని చూసుకోవాలి, చెనక్కాయలు ఒలవాలి, పూలు కట్టాలి. పెద్దమనిషైన పిల్లను అంత దూరం నడిపించి పంపడానికి భయం. ఆ రోజుల్లో చాలా బళ్లలో ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్డి కూడా ఉండేది కాదు. ఒక్కో ఇంట్లో ఒక్కో కారణం, ఫలితం మాత్రం ఒకటే.

ఆ పదమూడు మందిలో ఎనిమిదిమంది జాడ తెలిసింది. ఒకామె లేదు, కాన్పులోనే పోయిందట, ఎప్పుడో 1985లో. మిగతా ఏడుగురిలో అయిదుగురు వస్తామన్నారు.

ఎవరి జ్ఞాపకం ఎక్కడ ఆగింది?

ఆదివారం పొద్దున బడి ఆవరణలో వేపచెట్టు కింద కుర్చీలు వేశాం. రైలుపట్టా ముక్కతో చేసిన పాత గంట ఇంకా ఉంది! ఒకాయన పరుగున వెళ్లి దాన్ని కొట్టేశాడు. పెద్దపెద్ద మనుషులందరూ నిజంగానే లేచి వరసలో నిలబడ్డారు.

తర్వాత జ్ఞాపకాల వంతు. మగపిల్లలు చెప్పినవన్నీ ఎగ్గొట్టి పోయిన కథలే. తిరుపతిలో మ్యాట్నీ సినిమా, స్వర్ణముఖి ఇసకలో కబడ్డీ, గజవాహనం రోజున బడి మానేసి దెబ్బలు తినడం, గోడకుర్చీలు. నవ్వలేక చచ్చాం.

మా ఆడవాళ్ల వంతు వచ్చేసరికి కథలు మారాయి. ఒకామె దారిలో రాల్చుకున్న సీమచింతకాయల గురించి చెప్పింది. వర్షంలో పుస్తకాలు తడవకుండా పావడాలో చుట్టుకుని పరుగెత్తిన సంగతి ఇంకొకామె చెప్పింది. మధ్యలో మానేసినవాళ్లకు గుర్తున్నంత స్పష్టంగా మాకెవరికీ ఏదీ గుర్తులేదు. ఒకామె ఏడో తరగతి తెలుగు వాచకంలో పాఠాలు వరసగా చెప్పింది. "ఆ తర్వాత ఇంకేం పుస్తకం పట్టలేదు కదా, అందుకే చెరిగిపోలేదు" అంది. ఎవరి బడి ఏ తరగతిలో ఆగిందో వాళ్ల జ్ఞాపకం అక్కడే ఆగింది.

మా ఆరో తరగతి క్లాసు టీచర్, లెక్కలు చెప్పేవారు, ఆవిడా వచ్చారు. ఎనభై దాటాయి. మనవడి చెయ్యి పట్టుకుని నడిచారు. "హాజరు తీసుకోనా?" అన్నారు నవ్వుతూ. అందరం చప్పట్లు కొట్టాం.

ఒకటి... రెండు... మూడు... రానివాళ్ల నంబరు దగ్గర ఒక క్షణం ఆగి ముందుకు పోతున్నారు. "పద్నాలుగు" అన్నారు. చప్పుడు లేదు. ఆమె వెనక వరసలో, మెళ్లో అంగట్లోని హడావుడి పసుపుతాడుతో, తలవంచుకుని కూర్చుని ఉంది. మోచేత్తో పొడిచాను. లేచి నిలబడి, "ప్రెజెంట్ టీచర్" అంది. వినపడీ వినపడనట్టు.

టీచర్ కళ్లద్దాలు తీసేశారు. "నెలపాటు రాకపోతే ఎర్ర సిరాతో గీత కొట్టేదాన్ని. ఎన్ని గీతలు కొట్టానో! ఎందుకు రావడం లేదని ఒక్క ఇంటికీ పోయి అడగలేదమ్మా. అది నా పని కాదనుకున్నా" అన్నారు.

దానికి మా పద్నాలుగో నంబరు చెప్పిన జవాబు నేను మరచిపోలేను. "మీరొచ్చినా మా నాయన పంపేవాడు కాదులే టీచర్. కానీ వచ్చుంటే... నా కోసం ఒకరు వచ్చి అడిగినారు అని ఉండేది."

ఇప్పుడు అడుగుతున్నాం

ఈ కాలంలో ఎవరు మానిపిస్తున్నారండీ అంటారా? కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలయ్యాయి. 2010 నుంచి విద్యా హక్కు చట్టం అమల్లో ఉంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయిపోయింది. అంటే ఈ క్షణాన కూడా ఏదో బడిలో ఒక బెంచీ మీద పిల్లలు జరిగి కూర్చుంటున్నారు.

అందుకే కలయికకు పోగైన డబ్బులో శాలువాలూ జ్ఞాపికలూ తగ్గించాం. మాలో ఇద్దరిద్దరం వంతులు వేసుకుని నెలకోసారి బడికి వెళ్తున్నాం. వారం పది రోజులుగా రాని ఆడపిల్లలెవరో కనుక్కుని, వాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంటున్నాం. మొదటి వంతు పద్నాలుగో నంబరుదే. ఆమెకు తెలియని గడప లేదు కదా! మొదటి ఏడాది ఇద్దరు పిల్లలు తిరిగి బడికి వచ్చారు. ఇంకొక పిల్ల విషయంలో ఓడిపోయాం. మేం వెళ్లేసరికే పెళ్లి చేసి పంపేశారు. ముందే తెలిసుంటే 1098కి ఫోన్ చేసేవాళ్లం. ఆ నంబరు ఇప్పుడు మా అందరి దగ్గరా ఉంది, మీరూ రాసి పెట్టుకోండి.

మా అయిదుగురిలో ఒకామె సార్వత్రిక పాఠశాల ద్వారా పది కడతానంటోంది. మన రాష్ట్రంలో ఓపెన్ స్కూల్ 1991 నుంచీ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు పరిమితి లేదు. పద్నాలుగో నంబరును నువ్వూ కట్టు మే అంటే, "పంచమి తీర్థం గిరాకీ అయిపోనీ, చూస్తా" అని ప్రతిసారీ తప్పించుకుంటోంది. వదిలేది లేదు!

మీ బడివాళ్లూ కలవాలనుకుంటున్నారా? అయితే పదో తరగతి ఫోటో ముందు పెట్టుకోకండి. ఆరో తరగతి బెంచీ గుర్తు తెచ్చుకోండి. మీకు ఇటు ఎవరు, అటు ఎవరు? ఆ అమ్మాయి ఎక్కడుందో తెలియకపోతే మీ ఊరి పూలంగట్లోనో గాజులంగట్లోనో అడిగి చూడండి. బహుశా ఆమే అక్కడ కూర్చుని ఉంటుంది.