డోర్నకల్ అయ్యగారు

తెలుగు క్రైస్తవుల మాటల్లో ఒక తమాషా ఉంది. పాస్టరుగారిని 'సేవకుడు' అంటారు గానీ, ఆ మాట ఒంటరిగా ఎక్కడా కనిపించదు. 'దైవసేవకులు' అని గౌరవ బహువచనంతో, ముందొక 'డాక్టర్'తో, వెనకొక 'గారు'తో, కూడలిలో ఫ్లెక్సీ మీద నిలువెత్తు ఫొటో పక్కన కనిపిస్తుంది. ఊళ్లో అయితే ఆయన అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. ఈ మర్యాదలో తప్పేమీ లేదు. బడిపంతులునీ, వైద్యుణ్నీ మనవాళ్లు అలాగే పిలిచారు. కాకపోతే ఈ మాట ఏ గ్రంథం నుంచి వచ్చిందో ఆ గ్రంథంలో సేవకుడంటే బల్ల దగ్గర నిలబడి వడ్డించేవాడు. కూర్చుని తినేవాడు కాదు.

కొత్త నిబంధనలో యేసు వెంట నడిచినవాళ్లకు ఎక్కువగా వాడిన పేరు 'శిష్యుడు'. మూలమైన గ్రీకులో ఆ మాటకు నేర్చుకునేవాడు అని అర్థం. అది 260కి పైగా చోట్ల వస్తుంది. 'క్రైస్తవుడు' అనే మాట మొత్తం మీద మూడంటే మూడుసార్లే ఉంది, అదీ అంతియొకయలో ఊరివాళ్లు పెట్టిన పేరు. బిషప్పుకు తెలుగు బైబిల్ వాడిన 'అధ్యక్షుడు' అనే మాటకు మూలార్థం కనిపెట్టి చూసుకునేవాడు అని. కాపరి మందను చూసుకున్నట్టు. ఈ మాటల్లో ఒక్కటీ కుర్చీ గురించి చెప్పదు.

కుర్చీ గోల మాత్రం మొదటి తరంలోనే మొదలైంది. మార్కు సువార్త 10వ అధ్యాయంలో యాకోబు, యోహాను అన్నదమ్ములిద్దరూ యేసు దగ్గరికి వచ్చి, నీ రాజ్యంలో కుడిపక్కన ఒకరికి, ఎడమపక్కన ఒకరికి చోటివ్వమని అడుగుతారు. మిగతా పదిమందికీ కోపం వస్తుంది. అడిగినందుకా, తమకంటే ముందు అడిగినందుకా అన్నది చదివేవాళ్లే ఊహించుకోవాలి. లోకంలో అధికారులు జనం మీద పెత్తనం చేస్తారు, మీలో అలా కుదరదు, పెద్దవాడు కావాలనుకున్నవాడు పరిచారకుడు కావాలి అన్నది యేసు ఇచ్చిన జవాబు. తర్వాత, పట్టుబడిన రాత్రి, నడుముకు తువాలు చుట్టుకుని శిష్యుల కాళ్లు కడిగాడు. ఆ కాలంలో అది ఇంటి దాసుడి పని.

మాట చెప్పడం, కాళ్లు కడగడం అందరికీ తెలిసిన ఘట్టాలే. ప్రసంగాల్లో అంతగా వినిపించనిది అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం. యెరూషలేము సంఘంలో రోజూ అన్నం పంచుతారు. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు వాటా సరిగా అందడం లేదని గొడవ వచ్చింది. అన్యాయం ఉద్దేశపూర్వకం కాకపోవచ్చు. పంచేవాళ్లు హెబ్రీయులు, ఆకలితో మిగిలిపోయింది పరాయి భాష వాళ్లు, అంతే. అపొస్తలులు విచారణ కమిటీ వెయ్యలేదు, సణిగేవాళ్లను మందలించలేదు. మీలోంచి మంచి పేరున్న ఏడుగురిని ఎన్నుకోండి, ఈ పని వాళ్లకే అప్పజెబుతాం అన్నారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే. అంటే, ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే గాదె తాళంచెవి ఇచ్చేశారు.

పందొమ్మిది శతాబ్దాల తర్వాత ఆ తాళంచెవి మాటే స్కాట్లాండ్‌లో మళ్లీ వచ్చింది. 1910 జూన్‌లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. సుమారు 1,200 మంది ప్రతినిధులు. వారిలో ఆసియా వాళ్లు ఇరవై మందికి అటూ ఇటూ. తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విళైలో పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే 35 ఏళ్ల గురువు లేచి, ఆ సభకు మింగుడుపడని మాట చెప్పాడు. మిషనరీలు భారతదేశానికి డబ్బిచ్చారు, శ్రమ ఇచ్చారు, కొందరు ప్రాణాలే ఇచ్చారు. అందుకు ఈ దేశం కృతజ్ఞతతో ఉంటుంది. కానీ భారతీయ సహోదరులను తమతో సమానంగా కూర్చోబెట్టుకోలేదు, కావలసింది స్నేహం అని ఆయన మాటల సారాంశం. సభలో కొందరు కదిలిపోయారు, కొందరు మండిపడ్డారు.

అజరయ్య ఆ మాట ఊరికే అనలేదు, అప్పటికే ఓ పని మొదలుపెట్టి ఉన్నాడు. పల్లెటూరి గురువు కొడుకు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివినా డిగ్రీ చేతికి రాలేదు. 1895 నుంచి వైఎంసీఏ కార్యదర్శిగా ఊరూరా తిరిగాడు. 1902లో జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో బయటి ప్రాంతానికి సేవకులను పంపడం చూసి, మనమెందుకు చెయ్యలేం అనుకున్నాడు. మరుసటి ఏడే, 1903లో, తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు ఇక్కడివాళ్లే, డబ్బు ఇక్కడిదే, అజమాయిషీ కూడా ఇక్కడిదే కావాలన్నది దాని నియమం. ఆ సొసైటీ ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మానుకోట తాలూకా, నేటి మహబూబాబాద్ ప్రాంతం.

కొన్నేళ్లు గడిచాక అజరయ్యను ఒక ప్రశ్న నిలదీసింది. ఇతరులను పంపుతున్నావు సరే, నువ్వెందుకు వెళ్లవు? దేశమంతా తెలిసిన పదవి వదిలేసి, 1909లో గురువుగా అభిషేకం పొంది, డోర్నకల్ వచ్చాడు. సింగరేణి బొగ్గు రైళ్లు మళ్లే జంక్షన్ తప్ప అప్పట్లో అక్కడ చెప్పుకోదగ్గదేమీ లేదు. భాషా రాదు. ముప్పై అయిదేళ్ల వయసులో ఆ తమిళుడు తెలుగు అక్షరాలు దిద్దాడు. శిష్యుడంటే నేర్చుకునేవాడు అన్న నిఘంటువు అర్థం ఇంతకంటే అచ్చంగా ఎక్కడ దొరుకుతుంది!

1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన డోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠ పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టబట్టి ఇది జరిగింది. తెల్లవాళ్ల మీద నల్లవాడు అజమాయిషీ చెయ్యడమేమిటని కొందరు మిషనరీలు ఎదురు తిరగడం ఊహించదగినదే. ఆశ్చర్యమేమిటంటే, వ్యతిరేకించినవాళ్లలో భారతీయ క్రైస్తవులూ ఉన్నారు. మనవాడు పైకెళ్తే మనకే మింగుడుపడకపోవడం పాత జబ్బు.

బిషప్పయ్యాక ఆయన చేసిన పనిలో ఎక్కువ భాగం ఎడ్లబండి మీదే సాగింది. డయాసిస్‌లో, అంటే ఆయన అజమాయిషీ కింది సంఘాల్లో, చేరుతున్నవాళ్లు దాదాపు అందరూ మాల, మాదిగ పల్లెల కూలీలు. పగలంతా దొర పొలంలో పని. చదువు చెప్పాలంటే రాత్రే. ప్రతి పల్లెకూ ఒక ఉపదేశి ఉండేవాడు. చదువు, పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, తెలుగు కీర్తనలు అన్నీ ఆయన దగ్గరే. అక్షరం రానివాళ్లు బైబిల్ కథలను నోటితోనే కంఠస్థం చేసి, తాళం వేసి పాడేవారు. మురికి, రోగం, అప్పు, తాగుడు ఈ నాలుగూ నాలుగు దయ్యాలని అజరయ్య లెక్క. దయ్యాలను వెళ్లగొట్టడమంటే ఆయన దృష్టిలో పెద్ద కేకలు కాదు, బావి తవ్వడం, బడి పెట్టడం, వడ్డీవ్యాపారి చేతుల్లోంచి కుటుంబాన్ని బయటికి లాగడం.

డబ్బు విషయంలో ఆయన పట్టుదల కొందరికి కాఠిన్యంలా కనిపించింది. రెండు పూటలా తిండి లేనివాళ్ల దగ్గర కానుక అడగడమేమిటి? ఆయన మాత్రం, ఇవ్వడం నేర్వని సంఘం ఎప్పటికీ విదేశీ మిషన్ పసిబిడ్డగానే ఉండిపోతుందనేవాడు. ఇల్లాలు అన్నం వండేటప్పుడు కొలత గింజల్లోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారం తిరిగేసరికి ఆ 'పిడికెడు బియ్యం' గుడికి చేరేది. కోత పండుగకు కోడి, గుమ్మడికాయ, ధాన్యపు బస్తా వచ్చేవి. పల్లె జనం తమ అయ్యగారికి కూడు తామే పెట్టడం మొదలుపెట్టాక, ఆ అయ్యగారు ఎవరికి జవాబుదారో కూడా మారిపోతుంది. ఈ సంగతిని నేటి సంఘాలు అంతగా గమనించడం లేదు.

జవాబుదారీ అంటే పాత నిబంధనలో సమూయేలు గుర్తుకొస్తాడు. మొదటి సమూయేలు 12వ అధ్యాయంలో ముసలితనాన అధికారం రాజుకు అప్పగిస్తూ, జనం ముందు నిలబడి తన లెక్క తానే అడిగించుకుంటాడు. ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టానా, ఎవరినైనా బాధపెట్టానా, ఎవరి దగ్గరైనా లంచం తిన్నానా, చెప్పండి, తిరిగిచ్చేస్తాను అంటాడు. ఏ దుకాణదారుడికైనా అర్థమయ్యే ఆడిట్ అది. దీనికి ఎదురుగా నేడు ఎక్కువగా వినిపించే మాట, అభిషిక్తుణ్ని ముట్టకూడదు, ప్రశ్నించకూడదు అన్నది. ఆ మాటకు ఆధారంగా చూపే 105వ కీర్తన చెప్పేది పరదేశంలో దిక్కులేక తిరిగిన అబ్రాహాము, ఇస్సాకుల వంటివాళ్లను రాజులు హింసించకుండా దేవుడు కాపాడిన సంగతి. బలవంతుల నుంచి బలహీనులకు రక్షణగా చెప్పినదాన్ని బలవంతులకు గొడుగుగా పట్టడం తలకిందుల వ్యవహారం. దావీదు కూడా అభిషిక్తుడైన రాజు సౌలు మీద చెయ్యి వేయలేదు నిజమే. కానీ సౌలు అంగీ అంచు కోసి, ఆ ముక్క చేత్తో పట్టుకుని, నువ్వు చేస్తున్నది అన్యాయం అని అతని సైన్యం ముందే గట్టిగా కేక వేసి చెప్పాడు. ఆ దావీదే తప్పు చేసినప్పుడు నాతాను ప్రవక్త ఊరుకోలేదు.

అజరయ్య మచ్చలేని మనిషనుకోనక్కర్లేదు. క్రమశిక్షణలో గట్టివాడు, తప్పు చేసినవాళ్లను సంఘం నుంచి వెలివేయడానికి వెనుకాడలేదు. తెల్లదొరల సంఘానికి నమ్మినబంటు అని జాతీయవాదుల్లో కొందరు అనుమానించారు. సామూహిక మతమార్పిడుల మీద గాంధీజీకీ ఆయనకూ 1930లలో గట్టి విభేదం నడిచింది. మతం మార్చుకునే హక్కు ఆ పల్లె మనిషిదే, దాన్ని మరొకరు నిర్ణయించడం కుదరదని అజరయ్య వాదం. అదే మనిషి క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని బహిరంగంగా చెప్పాడు. తన మందకు చట్టసభలో కుర్చీలు పెంచే ఏర్పాటును ఒక మతనాయకుడే కాదనడం మామూలు సంగతి కాదు. చరిత్రకారిణి సూసన్ బిల్లింగ్టన్ హార్పర్ ఆయన జీవితం మీద 2000లో వెలువరించిన గ్రంథానికి పెట్టిన పేరులోనే ఆయన మహాత్ముడి నీడలో ఉండిపోయాడన్న ధ్వని ఉంది.

కులం దగ్గర ఆయన గెలుపు సగమే. మాలలు, మాదిగలు ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలోంచి ప్రభు భోజనం తీసుకోవాలని ఆయన పట్టుబట్టాడు. చాలా చోట్ల తీసుకున్నారు కూడా. బల్ల దగ్గర కలిసినవాళ్లు పెళ్లి సంబంధం దగ్గర విడిపోయేవాళ్లు. ఆ గీత ఈనాటికీ పూర్తిగా చెరిగిపోలేదని తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ చూస్తే ఆయన ఆలోచన రాతిలో కనిపిస్తుంది. గోతిక్ శిఖరం కోసం వెతికితే దొరకదు. లోపల గుడి మండపాన్ని తలపించే స్తంభాలు, బయట మసీదును గుర్తుచేసే గుమ్మటాలు, వాటి మధ్య సిలువ. కట్టడం ఏళ్లకేళ్లు సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఈ మట్టిలో పుట్టిన జనం ఈ మట్టి రూపంలోనే ఆరాధించాలన్నది ఆయన కోరిక. 1919లో తరంగంబాడిలో 33 మంది కూర్చుని దక్షిణాది ప్రొటెస్టెంట్ సంఘాలన్నీ ఒకటి కావాలని పిలుపునిచ్చినప్పుడు ముందున్నవాళ్లలో ఆయనొకడు. ఆ కల 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాగా నిలబడింది. అజరయ్య చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు.

బాప్తిస్మం రోజున ఆయన పాటించిన ఒక పద్ధతిని ఆయన గురించి రాసినవాళ్లు గుర్తుచేస్తారు. సాధారణంగా బిషప్ తన చెయ్యి విశ్వాసి తల మీద ఉంచి ఆశీర్వదిస్తాడు. అజరయ్య దానికి ఇంకొకటి చేర్చాడు. అప్పుడే నీళ్లలోంచి లేచిన కూలీ మనిషి, ఆడైనా మగైనా, తన చెయ్యి తన తల మీదే పెట్టుకోవాలి. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు తన గురించి చెప్పుకున్న మాటను, సువార్త చెప్పకుండా ఉంటే నాకే శ్రమ అన్న భావం వచ్చే మాటను, బిషప్ పలికితే వాళ్లు వెంట పలకాలి. చదువు రాని ఆ గొంతులు పలుకుతుంటే, బిషప్ పక్కన నిలబడి వినేవాడు.