విదేశాల్లో సామాజిక శాస్త్రాల చదువు

ధార్మిక విద్య ఒక దారి, లౌకిక విద్య మరొక దారి అన్న చీలిక ముస్లిం సమాజాన్ని చాలాకాలంగా బాధిస్తున్నది. 1977లో మక్కా నగరంలో జరిగిన ప్రపంచ ముస్లిం విద్యా మహాసభ ఈ సమస్యనే చర్చించింది. ఆ ఆలోచనలకు రూపమిచ్చిన విద్యాసంస్థల్లో 1983లో నెలకొన్న మలేషియా అంతర్జాతీయ ఇస్లామీయ విశ్వవిద్యాలయం ఒకటి.

అక్కడ అనేక దేశాల విద్యార్థులు చదువుతున్నారు. బోధన ఇంగ్లీషు, అరబీ భాషల్లో సాగుతుంది. ఖుర్ఆన్, హదీసు, ఫిఖ్‌హ్‌లతో పాటు చరిత్ర, రాజనీతి, మనస్తత్వ, సమాజ శాస్త్రాలను ఒకే విభాగం కింద బోధిస్తారు. ఈ విభాగం 1990లో ఏర్పడింది.

అయితే ఒక విషయం గమనించాలి. గణిత సూత్రం ఏ దేశంలోనైనా ఒక్కటే. సామాజిక శాస్త్రాలు అలా కావు. వాటి ఉదాహరణలు ఆయా దేశాల చట్టాలతో, జీవితంతో ముడిపడి ఉంటాయి. మలేషియాలో జకాత్‌ను రాష్ట్రాల ఇస్లామీయ మండళ్ళు వసూలు చేస్తాయి. మన దేశంలో అటువంటి ప్రభుత్వ ఏర్పాటు లేదు. వ్యక్తులు, మదరసాలు, సేవాసంఘాలే ఆ బాధ్యత వహిస్తున్నాయి. కనుక అక్కడ జకాత్ నిర్వహణ నేర్చిన విద్యార్థి ఆ పద్ధతిని యథాతథంగా ఇక్కడ అమలు చేయలేడు.

కాబట్టి విదేశాలకు వెళ్ళే విద్యార్థి బోధనా భాషను ముందే అభ్యసించాలి. పట్టాకు స్వదేశంలో గుర్తింపు ఉన్నదో లేదో విచారించుకోవాలి. చదివిన ప్రతి పాఠాన్నీ తన ఊరి పరిస్థితులతో పోల్చి చూసుకోవాలి. అప్పుడే ఆ విద్య తిరిగి వచ్చాక సమాజానికి అక్కరకు వస్తుంది.