డుమస్ తీరంలో పాత పాట: యవ్వనంలో విన్నవి, చదివినవి జీవితాంతం ఎందుకు వెంట వస్తాయి?

సూరత్ నగరం నుంచి నైరుతి దిశగా సుమారు 20 కిలోమీటర్లు ప్రయాణిస్తే అరేబియా సముద్రపు ఒడ్డున డుమస్ కనిపిస్తుంది. ఇక్కడి ఇసుక నల్లగా ఉంటుంది. ఆదివారం సాయంత్రమైతే టమాటా భజియాలు అమ్మే దుకాణాల ముందు నిలబడడానికి చోటు దొరకడం కష్టం. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా మాటల నడుమ తెలుగు మాట కూడా చెవిన పడుతుంది.

అలాంటి వేళ ఎవరి ఫోన్‌లోనైనా ఘంటసాల పాట మోగితే యాభై ఏళ్లు దాటినవారు తమకు తెలియకుండానే గొంతు కలుపుతారు. పక్కనున్న పిల్లలు కూడా ఆ బాణీని గుర్తుపడతారు. అదే ఫోన్‌లో పాత చందమామ పుట ఒకటి తెరిస్తే పరిస్థితి వేరు. పెద్దల ముఖాలు వెలుగుతాయి, పిల్లలు మాత్రం బొమ్మ చూసి ఊరుకుంటారు. సూరత్‌లో పుట్టి పెరిగిన చాలామందికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు.

యవ్వనంలో విన్న పాట, చదివిన పత్రిక, చూసిన టీవీ కార్యక్రమం మనిషిని జీవితాంతం వెంటాడతాయి. అయితే వాటిలో ఏది తర్వాతి తరానికి అందుతుంది, ఏది ఒక తరంతోనే ఆగిపోతుంది? సొంత ఊరికి దూరంగా బతికే తెలుగువారి ముందు ఈ ప్రశ్న మరింత గట్టిగా నిలుస్తుంది.

సాంచాల వెంట వచ్చిన భాష

సూరత్‌లోని తెలుగువారిలో అధికులు తెలంగాణ నుంచి వలస వచ్చిన చేనేత కుటుంబాలవారు, ముఖ్యంగా పద్మశాలీలు. ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల్లో చేతిమగ్గానికి పని తగ్గినప్పుడు కొందరు షోలాపూర్‌కు, కొందరు భివండీకి, మరికొందరు సూరత్‌కు దారి పట్టారు. మరమగ్గాలను వారు తమ వాడుకలో సాంచాలు అంటారు. ఆ సాంచాల మీద పనిచేయడానికి వచ్చినవారు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడ్డారు. బతుకమ్మను కూడా వెంట తెచ్చుకున్నారు.

వారిలో చాలామంది ఊరు విడిచింది యవ్వనంలోనే. సరిగ్గా ఆ వయసులో విన్నవి, చూసినవే జ్ఞాపకంలో గాఢంగా నాటుకుంటాయని మనస్తత్వ శాస్త్రం చెబుతోంది.

బెంగ ఒకప్పుడు జబ్బు

గతకాలంపై కలిగే ఈ తీపి బాధను ఆంగ్లంలో నోస్టాల్జియా అంటారు. ఈ మాటను 1688లో జొహానెస్ హోఫర్ అనే స్విట్జర్లాండ్ వైద్య విద్యార్థి సృష్టించాడు. గ్రీకు భాషలో ఇంటికి తిరిగి రావడాన్ని, బాధను సూచించే రెండు పదాలను కలిపి, సొంత ఊరికి దూరమైనవారిలో కనిపించే దిగులుకు, నిద్రలేమికి ఆ పేరు పెట్టాడు. ఆనాటి వైద్యుల దృష్టిలో అది ఒక వ్యాధి. ఇంటికి పంపడమే దానికి సరైన చికిత్స.

తెలుగువారికి ఈ భావన కొత్తది కాదు. బెంగ అనే ఒక్క మాటలో ఇదంతా ఉంది. తల్లి కనిపించక పిల్లవాడు బెంగ పెట్టుకున్నాడని, బెంగతో జ్వరం వచ్చిందని అనడం తెలుగు ఇళ్లలో మామూలే.

నేటి పరిశోధకులు దీనిని వ్యాధిగా చూడడం లేదు. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన కాన్‌స్టాంటైన్ సెడికిడిస్, టిమ్ విల్డ్‌షుట్ తదితరుల అధ్యయనాల ప్రకారం, పాత జ్ఞాపకాలను తలచుకోవడం ఒంటరితనాన్ని తట్టుకునే శక్తినిస్తుంది. తనవారంటూ కొందరున్నారన్న భావనను బలపరుస్తుంది. పరాయి నగరంలో పనిచేసే మనిషికి పాత పాట కాలక్షేపాన్ని మించి ఎందుకు అక్కరకు వస్తుందో దీనిని బట్టి అర్థం చేసుకోవచ్చు.

ఆ వయసే ఎందుకు?

నడివయసు దాటినవారిని జీవితంలోని సంఘటనలను చెప్పమంటే, సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారు. అంతకు ముందువి, ఆ తర్వాతివి పలచబడతాయి. తొలి ఉద్యోగం, తొలి స్నేహాలు, పెళ్లి, ఊరు మారడం వంటివి ఆ వయసులోనే జరగడం ఇందుకు ఒక కారణం. తాను ఎవరన్నది మనిషి తేల్చుకునే కాలం అదే కావడం మరో కారణం.

సంగీతం విషయంలో మోరిస్ హోల్‌బ్రూక్, రాబర్ట్ షిండ్లర్ 1989లో ప్రచురించిన అధ్యయనం పేరుపొందింది. తమకు సుమారు 24 ఏళ్లున్నప్పుడు వినిపించిన పాటలపైనే మనుషులకు అత్యధిక మక్కువ ఉంటుందని వారు గుర్తించారు.

వలస ఈ లెక్కను కొంత మారుస్తుంది. స్పానిష్ మాతృభాషగా ఉండి అమెరికాకు వలస వెళ్లిన వృద్ధులను రాబర్ట్ ష్రాఫ్, డేవిడ్ రూబిన్ పరిశీలించి, 1998లో ఫలితాలు ప్రచురించారు. పెద్ద వయసులో వలస వెళ్లినవారిలో జ్ఞాపకాలు దట్టంగా ఉండే కాలం వలస వెళ్లిన వయసు వైపు జరిగింది. మాతృభాషలో మనసుకు తట్టిన జ్ఞాపకాలు ఎక్కువగా వలసకు ముందు కాలానివి. ఆ లెక్కన మనిషి వదిలివచ్చిన ఊరికి, ఆ ఊరి భాషకు జ్ఞాపకంలో విడదీయలేని ముడి ఉంటుంది.

గాలిలో వచ్చిన తెలుగు

ఊరి నుంచి ఉత్తరం రావడానికి రోజులు పట్టే కాలంలో రేడియో మాత్రం క్షణంలో వచ్చేది. మద్రాసు ఆకాశవాణి నుంచి తెలుగు కార్యక్రమాలు 1938లో, విజయవాడ కేంద్రం 1948లో మొదలయ్యాయి. విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ చెప్పిన రామాయణ, భారత ప్రవచనాల కోసం జనం పనులు ఆపుకొని కూర్చునేవారు. ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు చదివినవారిలో తర్వాత సినీ నటుడిగా ప్రసిద్ధుడైన కొంగర జగ్గయ్య కూడా ఉన్నారు.

దూర ప్రాంతాలవారికి ఈ ప్రసారాలు అందడం వెనుక ఒక ప్రకృతి నియమం ఉంది. మీడియం వేవ్ తరంగాలు పగలు నేలను అంటిపెట్టుకొని కొంత దూరమే వెళతాయి. రాత్రి అయ్యాక వాతావరణపు పై పొరలను తాకి వెనక్కు తిరిగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. పగలు మూగబోయిన దూరపు కేంద్రం రాత్రివేళ గరగరల మధ్య పలకడానికి కారణం ఇదే. షార్ట్ వేవ్ తరంగాలు ఇంకా దూరం వెళతాయి.

1950ల తొలినాళ్లలో కేంద్ర సమాచార, ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలను ఆకాశవాణికి దూరం పెట్టినప్పుడు శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా పేరు తెచ్చుకున్నది అక్కడే. అదే కొలంబో నుంచి మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు. శ్రోతలను తిరిగి రప్పించుకోవడానికి ఆకాశవాణి 1957 అక్టోబర్ 3న వివిధ భారతిని ప్రారంభించింది.

తర్వాత క్యాసెట్ వచ్చింది. ఎప్పుడో గాలిలో వచ్చే పాట కోసం ఎదురుచూసే అవసరం తీరింది. 1980లో విడుదలైన శంకరాభరణం పాటలు తెలుగు నేల దాటి మారుమోగాయి. అలాంటి పాటలను పెద్దలు ఇంట్లో మళ్లీ మళ్లీ పెట్టుకోవడం వల్ల పిల్లల చెవులకూ అవి అలవాటయ్యాయి.

దీనికి శాస్త్రీయమైన ఆధారం ఉంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెరోల్ క్రమ్‌హాన్సల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించిన అధ్యయనంలో, యువతీయువకులు తమ తల్లిదండ్రులు యవ్వనంలో ఉన్ననాటి పాటలతోనూ ప్రత్యేకమైన అనుబంధం చూపారు. చెవి ద్వారా వచ్చేది ఒక తరం నుంచి మరో తరానికి దిగుతుందని దీని సారాంశం. అందుకు లిపి రానక్కరలేదు.

టీవీ: ఇరుగుపొరుగు అందరి జ్ఞాపకం

తెలుగు పల్లెలకు టెలివిజన్ తొలిసారి చేరిన కథలో గుజరాత్‌కూ భాగం ఉంది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం, అంటే సైట్, ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో జరిగింది. వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా ఉన్నాయి. ఆ ప్రసారాలను ఉపగ్రహానికి పంపిన ప్రధాన భూకేంద్రం అహ్మదాబాద్‌లో ఉండేది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది.

1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణం దూరదర్శన్‌లో ప్రారంభమైంది. ఆ ధారావాహికను చిత్రీకరించిన ఉమర్‌గావ్ కూడా సూరత్‌కు దక్షిణాన ఇదే తీరంలో ఉంది. ఒకే టీవీ ముందు వాడంతా కూర్చున్న రోజులవి. తెలుగువారు, గుజరాతీలు, ఒడియావారు చూసింది ఒకే రాముణ్ని, విన్నది హిందీని. అందుకే టీవీ జ్ఞాపకం ఒక భాషది కాదు, ఒక వీధిది. కొవిడ్ లాక్‌డౌన్ వేళ, 2020 మార్చి 28 నుంచి రామాయణాన్ని పునఃప్రసారం చేసినప్పుడు, ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది వీక్షించినట్లు దూరదర్శన్ ప్రకటించింది.

ఇంట్లో కూర్చుని తెలుగు కార్యక్రమాలు చూడడం పరాయి రాష్ట్రాలవారికి ఉపగ్రహ ఛానళ్ల రాకతోనే సాధ్యమైంది. ఈటీవీ 1995లో మొదలైంది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నిర్వహించిన పాడుతా తీయగా 1996లో వచ్చింది. అందులో చిన్న పిల్లలు పాత పాటలు పాడారు. పెద్దల బెంగకు పిల్లల గొంతు తోడైంది.

పత్రిక: అక్షరం వస్తేనే వారసత్వం

పశ్చిమ తీరానికి, తెలుగు పత్రికకు పాత చుట్టరికం ఉంది. అమృతాంజనంతో వ్యాపారంలో స్థిరపడిన కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో ఆంధ్రపత్రిక వారపత్రికను ప్రారంభించింది బొంబాయిలోనే. 1914లో అది మద్రాసుకు తరలి దినపత్రికగా కూడా రూపుదిద్దుకుంది. ఒక ప్రసిద్ధ తెలుగు పత్రిక వలస నగరంలో పురుడు పోసుకుందన్నమాట.

చందమామ 1947 జులైలో మద్రాసు నుంచి బి. నాగిరెడ్డి, చక్రపాణి ఆధ్వర్యంలో తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు దాని సంపాదకత్వ బాధ్యతలు మోశారు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన విక్రమార్క బేతాళ బొమ్మలు లక్షలాది పిల్లల ఊహాలోకాన్ని తీర్చిదిద్దాయి. వారపత్రికల్లో సీరియల్ నవల తర్వాతి భాగం కోసం ఎదురుచూడడం అప్పటి యువతకు ఒక వ్యసనం. ఊరికి వెళ్లి వచ్చేవారి సంచిలో పచ్చళ్లతో పాటు పాత వారపత్రికలు కూడా ఉండేవి. ఒక్క ప్రతి నాలుగైదు ఇళ్లు తిరిగేది.

చందమామ 2013 నాటికి ఆగిపోయింది. పాత సంచికలు నేడు ఫోన్‌లో దొరికినా, చదవడం రానివారికి అవి కేవలం బొమ్మలే. పాటలా పత్రిక తనంత తానే చెవిన పడదు. ఎవరో ఒకరు పిల్లవాడిని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించాలి. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక విద్యా సమితి నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. అయితే ఉద్యోగాల దృష్టితో హిందీ, గుజరాతీ, ఆంగ్ల మాధ్యమాల వైపు మొగ్గే తల్లిదండ్రుల అవసరాన్నీ కాదనలేం. ఈ రెండింటి నడుమే పత్రికల వారసత్వం నలుగుతోంది.

టేపు, కాగితం ఎంతకాలం?

జ్ఞాపకం మనసులో ఉన్నా, దానిని మోసే వస్తువు నశిస్తుంది. క్యాసెట్‌లోని టేపుపై అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు తేమకు చెడిపోతుంది. సముద్రతీర నగరాల్లో ఈ ముప్పు ఎక్కువ. మిగిలిన టేపులను వినిపించే యంత్రాలు కూడా 2025 నాటికి దాదాపు దొరకకుండా పోతాయని యునెస్కో, అంతర్జాతీయ ధ్వని భాండాగారాల సంఘం 2019లో హెచ్చరించాయి.

వరద మరో శత్రువు. 2006 ఆగస్టులో తాపీ నది పొంగి సూరత్‌లో అత్యధిక భాగం నీట మునిగింది. నీట నానిన కాగితం కొద్ది రోజుల్లోనే బూజు పడుతుంది.

ఇంట్లో పాత క్యాసెట్లు ఉన్నవారు వాటిని నిలువుగా, ఎండ తగలని పొడి చోట ఉంచడం మేలు. పాటలు మళ్లీ దొరకవచ్చు. కానీ తాత మాట్లాడిన మాటలు, పెళ్లినాటి పాటలు రికార్డు చేసిన టేపుకు మరో ప్రతి ఉండదు. డిజిటల్ రూపంలోకి మార్చాల్సింది ముందుగా వాటినే. పాత తెలుగు పత్రికలు హైదరాబాద్‌లోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ కూడా పాత పత్రికలను డిజిటలీకరించింది. ఆకాశవాణి తెలుగు కేంద్రాలను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో సూరత్ నుంచైనా వినవచ్చు.

అన్నీ బంగారు రోజులేనా?

గతంపై మమకారం గతాన్ని వడగడుతుందన్న సంగతి మరవరాదు. రేడియో ఉంచుకోవడానికి లైసెన్సు రుసుము కట్టాల్సిన రోజులవి. ఆ రేడియో కూడా చాలా ఇళ్లలో ఉండేది కాదు. చదువు లేని తల్లులకు ఆనాడూ పత్రిక మూగదే, మరొకరు పైకి చదివి వినిపించాల్సి వచ్చేది.

నిజానికి పరిష్కారం కూడా అక్కడే కనిపిస్తుంది. ఆనాడు చదువు వచ్చిన పిల్లలు రాని పెద్దలకు కథలు చదివి వినిపించారు. ఈనాడు చదువు వచ్చిన పెద్దలు, తెలుగు లిపి రాని పిల్లలకు ఆ పని చేయవచ్చు. డుమస్ ఒడ్డున ఫోన్‌లో తెరిచిన చందమామ పుటను పైకి చదివి వినిపిస్తే బేతాళ కథ పిల్లల చెవిన పడుతుంది. అందులో ఆసక్తి పుడితే, అక్షరం నేర్చుకోవడానికి వారికొక కారణం దొరుకుతుంది.