కరువులో కూడుపెట్టిన కోవెల

మెదక్‌ పాత పేర్లలో ఒకటి మెతుకుదుర్గం. ఈ ప్రాంతమంతా మెతుకుసీమ. అలాంటి గడ్డమీద ఒక్క మెతుకు కోసం జనం అల్లాడిన రోజులున్నాయి. ఇప్పుడు చూడ్డానికి వచ్చేవాళ్లందరూ తలెత్తి చూసే మెదక్‌ చర్చి... ఆ ఆకలి రోజుల్లోనే లేచింది!

కల్హేర్‌, నారాయణఖేడ్‌ ప్రాంతాలు 2016లో సంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి. అంతకుముందు అవీ మెదక్‌ జిల్లాలోవే. ఆ పల్లెలవాళ్లకి ‘మన జిల్లా చర్చి’ అంటే ఇదే.

పనికి తిండి

చార్లెస్‌ వాకర్‌ పాస్నెట్‌ ఇంగ్లండ్‌ నుంచి వచ్చిన వెస్లియన్‌ మెథడిస్టు మిషనరీ.  దేవుడి ఇల్లు తన ఇంటికన్నా తక్కువ ఎత్తులో ఉండటం ఆయనకు నచ్చలేదనీ, అందుకే ఎత్తయిన చర్చి కట్టాలనుకున్నారనీ చెబుతారు.

1914లో పని మొదలైంది. అవతల మొదటి ప్రపంచ యుద్ధం, ఇవతల కరువు. ఊరికే దానం చేయడం కన్నా పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టడం మేలనుకున్నారు పాస్నెట్‌. చుట్టుపక్కల పల్లెల జనం రాళ్లు మోశారు, చెక్కారు, పేర్చారు. అలా పదేళ్లు! 1924 డిసెంబరు 25న, క్రిస్మస్‌ రోజున, ప్రతిష్ఠ జరిగింది.

ఎండే దీపం

గోథిక్‌ శైలిలో కట్టిన ఈ చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గంట గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు. ఒకేసారి 5 వేలమంది ప్రార్థన చేసుకోవచ్చు. అంతమంది చేరినా మాట ప్రతిధ్వనించి చెదిరిపోకుండా కప్పు లోపల స్పాంజిలాంటి బోలు పదార్థం వాడారు. నేలమీది రంగురంగుల పలకలు బ్రిటన్‌ నుంచి వస్తే, వాటిని పరిచింది ఇటలీ మేస్త్రీలు.

అన్నిటికన్నా ఆకట్టుకునేవి మూడు అద్దాల కిటికీలు. క్రీస్తు ఆరోహణం (1927), జననం (1947), శిలువ (1958)... మూడింటినీ రూపొందించింది ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్‌ సాలిస్‌బరీ. బయటి నుంచి ఎండ పడితేనే లోపల బొమ్మ వెలుగుతుంది. పొద్దు గూకితే ఏ రంగూ కనిపించదు. అందుకే ఈ కిటికీల అందం చూడాలంటే పగలే వెళ్లాలి!

అందరి చర్చి

అప్పట్లో కంటోన్మెంట్లలోని ఆంగ్లికన్‌ చర్చిలు బ్రిటిష్‌ సైనికుల కోసం వెలిశాయి. 1847 నాటి బొల్లారం హోలీ ట్రినిటీ అలాంటిదే. మెదక్‌ది వేరే కథ... ఇది పల్లె జనం కోసం కట్టింది. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లూ మెథడిస్టులూ మరికొందరూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. దాంతో ఆ సైనికుల చర్చీ, ఈ పల్లె చర్చీ ఒకే గొడుగు కిందకి వచ్చాయి. రెండూ మెదక్‌ అధ్యక్ష మండలంలోనివే. ఆ మండలానికి పెద్ద గుడి... కరువు కూలీలు కట్టిందే!

2024 క్రిస్మస్‌కి చర్చికి వందేళ్లు నిండాయి. పండక్కి వచ్చేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. పాస్నెట్‌ పేరు చరిత్రలో ఉంది. రాయి మోసిన కూలీల పేర్లు ఏ గోడమీదా వెతకనక్కర్లేదు... ఆ గోడలే వాళ్లవి.