మెట్రో టికెట్ రూ.3 పెరిగితే.. ఫుట్‌బాల్ ఫైనల్ దేశమే మారిపోయింది! 2019లో చిలీలో అసలేం జరిగింది?

మెట్రో టికెట్ ధర 30 పెసోలు పెంచారు. మన లెక్కలో దాదాపు 3 రూపాయలు. అంతే.. నెల తిరిగేసరికి దక్షిణ అమెరికాలోనే అతిపెద్ద క్లబ్ ఫుట్‌బాల్ మ్యాచ్ ఏకంగా దేశం దాటి వెళ్లిపోయింది. 2019 కోపా లిబర్టడోరెస్ ఫైనల్ కథ ఇది. ఇంతకీ టికెట్ రేటుకీ, ఫుట్‌బాల్ కప్‌కీ లింకేంటి?

ఏంటీ కప్?

యూరప్ క్లబ్‌లకు ఛాంపియన్స్ లీగ్ ఎలాగో.. దక్షిణ అమెరికా క్లబ్‌లకు కోపా లిబర్టడోరెస్ అలాగ. 1960 నుంచి జరుగుతోంది. 2018 వరకు ఫైనల్ అంటే రెండు మ్యాచ్‌లు. ఒక్కో జట్టు సొంత గ్రౌండ్‌లో ఒక్కోటి. 2019 నుంచి ఒకే మ్యాచ్, అదీ ముందే ఎంపిక చేసిన నగరంలో ఆడించాలని దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య కాన్‌మెబోల్ నిర్ణయించింది. తొలి ఛాన్స్ చిలీ రాజధాని శాంటియాగోకి దక్కింది. వేదిక నేషనల్ స్టేడియం, తేదీ నవంబర్ 23. బ్రెజిల్ క్లబ్ ఫ్లమెంగో, అర్జెంటీనా క్లబ్ రివర్ ప్లేట్ ఫైనల్‌కు చేరాయి.

30 పెసోలు కాదు.. 30 ఏళ్లు!

అక్టోబర్ 6న శాంటియాగోలో రద్దీ వేళల మెట్రో టికెట్ 800 నుంచి 830 పెసోలకు పెరిగింది. స్కూల్ పిల్లలు, స్టూడెంట్స్ టికెట్ కొనకుండా గేట్ల మీద నుంచి దూకి నిరసన మొదలుపెట్టారు. అక్టోబర్ 18 రాత్రికి పరిస్థితి చేయి దాటింది. మెట్రో స్టేషన్లు తగలబడ్డాయి. అధ్యక్షుడు సెబాస్టియన్ పినేరా ఎమర్జెన్సీ ప్రకటించారు. సైన్యం రోడ్ల మీదకొచ్చింది, కర్ఫ్యూ పెట్టారు.

మర్నాడే టికెట్ పెంపు ఆపేస్తున్నట్టు పినేరా చెప్పారు. కానీ జనం ఇళ్లకు వెళ్లలేదు. ఎందుకంటే "ఇది 30 పెసోల గొడవ కాదు, 30 ఏళ్ల గొడవ" అన్నదే వాళ్ల నినాదం. అరకొర పెన్షన్లు, ఖరీదైన చదువులు, వైద్యం, పినోచే నియంతృత్వంలో 1980లో రాసిన రాజ్యాంగం.. అన్నీ కలిసి బయటపడ్డాయి. అక్టోబర్ 25న ఒక్క శాంటియాగోలోనే 10 లక్షల మందికి పైగా రోడ్డెక్కారు. నిరసనల్లో 30 మందికి పైగా చనిపోయారు. పోలీసుల పెల్లెట్లు, టియర్ గ్యాస్ గుండ్ల వల్ల 400 మందికి పైగా కళ్లకు గాయాలయ్యాయి.

ఫైనల్ ఎలా పోయింది?

చిలీ ప్రభుత్వం మాత్రం "మ్యాచ్ ఇక్కడే" అంటూ వచ్చింది. అయితే అక్టోబర్ 30న పెద్ద దెబ్బ తగిలింది. నవంబర్‌లో జరగాల్సిన అపెక్ సదస్సు, డిసెంబర్‌లో జరగాల్సిన ఐరాస వాతావరణ సదస్సు.. రెండూ నిర్వహించలేమని పినేరా చేతులెత్తేశారు. దేశాధినేతలకే భద్రత ఇవ్వలేనప్పుడు వేల మంది ఫ్యాన్స్ సంగతేంటి?

నవంబర్ 5న కాన్‌మెబోల్ రెండు క్లబ్‌లు, ఆయా దేశాల ఫుట్‌బాల్ పెద్దలతో కూర్చుంది. ఫైనల్ పెరూ రాజధాని లిమాకి మారింది. మ్యాచ్‌కి మిగిలింది 18 రోజులే!

రివర్ ప్లేట్‌కి ఇది వరుసగా రెండోసారి. 2018 ఫైనల్ ముందు బ్యూనస్ ఎయిర్స్‌లో బోకా జూనియర్స్ ఆటగాళ్ల బస్సుపై రివర్ ఫ్యాన్స్ దాడి చేయడంతో రెండో మ్యాచ్‌ని స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో ఆడించారు.

నష్టపోయింది ఎవరు?

మామూలు ఫ్యాన్స్. మ్యాచ్ టికెట్ డబ్బులు వెనక్కి ఇచ్చినా.. విమానం, హోటల్ ఖర్చు ఎవరిస్తారు? అర్జెంటీనా వాళ్లకి శాంటియాగో అంటే ఆండీస్ పర్వతాలు దాటి బస్సులోనూ వెళ్లగలిగే దూరం. లిమా అక్కణ్నుంచి ఇంకో 2,500 కిలోమీటర్లు.

మనకీ ఇలాంటి అనుభవం ఉంది. 2009లో లోక్‌సభ ఎన్నికల వల్ల భద్రత కష్టమని ఐపీఎల్‌ని సౌతాఫ్రికా తీసుకెళ్లారు. మన డెక్కన్ ఛార్జర్స్ కప్ కొట్టింది అక్కడే. హైదరాబాద్ ఫ్యాన్స్ మాత్రం టీవీల్లోనే చూశారు.

ఆటగాళ్లు ఎటువైపు?

చిలీ ఆటగాళ్లు జనం వైపే నిలబడ్డారు. నీళ్లు, కరెంటు, చదువు, వైద్యం అన్నీ ప్రైవేటుకి అమ్మేశారంటూ గోల్‌కీపర్ క్లాడియో బ్రావో సోషల్ మీడియాలో మండిపడ్డాడు. నవంబర్ 19న లిమాలో పెరూతో ఆడాల్సిన ఫ్రెండ్లీ మ్యాచ్‌ని చిలీ జట్టు వద్దనేసింది.

నవంబర్ 22న, అంటే ఫైనల్‌కి ముందు రోజు, శాంటియాగోలో లీగ్ మళ్లీ మొదలుపెట్టారు. కొందరు గ్రౌండ్‌లోకి దూసుకొచ్చి మ్యాచ్ ఆపేయించారు. వారం తర్వాత ఆ సీజన్‌నే ముగించేశారు.

ఆ స్టేడియం వెనుక ఇంకో కథ

శాంటియాగో నేషనల్ స్టేడియానికి ఇది కొత్త కాదు. 1973లో పినోచే సైనిక తిరుగుబాటు తర్వాత అక్కడ వేల మందిని బంధించి హింసించారు. ఆ గ్రౌండ్‌లో ఆడబోమని సోవియట్ జట్టు వరల్డ్ కప్ క్వాలిఫయర్‌కి రాలేదు. చిలీ ఆటగాళ్లు ప్రత్యర్థి లేకుండానే ఖాళీ గోల్‌లోకి బంతి కొట్టారు. ఆ ఖైదీల గుర్తుగా స్టేడియంలో కొన్ని పాత చెక్క బెంచీలను ఇప్పటికీ ఖాళీగా ఉంచుతారు.

చివరికి ఏమైంది?

లిమాలో 14వ నిమిషంలోనే రివర్ ప్లేట్ గోల్ కొట్టింది. 88 నిమిషాల వరకు ఆధిక్యం వాళ్లదే. 89వ నిమిషంలో ఒకటి, ఇంజురీ టైమ్‌లో ఇంకోటి.. గాబ్రియేల్ బార్బోసా రెండు గోల్స్‌తో ఫ్లమెంగో 2-1తో గెలిచింది. 38 ఏళ్ల తర్వాత కప్ అందుకుంది.

మరి చిలీ జనం? 2020 అక్టోబర్ రెఫరెండంలో 78 శాతం మంది కొత్త రాజ్యాంగం కావాలన్నారు. కానీ 2022లో ఒక ముసాయిదాని, 2023లో ఇంకో ముసాయిదాని ఓటర్లే తిరస్కరించారు. అంటే ఇన్ని ప్రాణాలు పోయాక కూడా 1980 నాటి రాజ్యాంగమే మిగిలింది. ఫైనల్‌ని 18 రోజుల్లో వేరే దేశానికి మార్చేశారు కానీ.. జనం అడిగిన మార్పు మాత్రం అంత తేలిగ్గా రాలేదు.