ముక్కుదిబ్బడ – తలనొప్పి: తల్లీబిడ్డలా, తోబుట్టువులా?

అమెరికాలో వసంతం కన్నులకు పండుగ, ముక్కుకు మాత్రం పరీక్షాకాలం. చెట్ల పుప్పొడి గాలిలో తేలే ఆ రోజులలో మనవారు నలుగురు కలిసినచోట “నాకు సైనస్ అండీ” అనే మాట తప్పక వినవస్తుంది. ముక్కు దిబ్బడ వేస్తుంది, కనుబొమల నడుమ బరువెక్కుతుంది, తల పగిలిపోతుంది. రెండూ కలిసి వస్తాయి కనుక మొదటిదే రెండవదానికి కారణమని నిశ్చయించుకుంటాము. ఈ వ్యాసకర్త కూడా పదకొండేళ్ళు అలాగే నమ్మి, ఏటా రెండు మూడు పర్యాయాలు యాంటీబయాటిక్ మాత్రలు మింగినవాడే. ఆ నమ్మకంలో నిజమెంతో పరిశీలిద్దాము.

ముక్కు చుట్టూ ఉన్న ఎముకలలో నాలుగు జతల గాలి గదులున్నాయి: నుదుటిలో, చెంపలలో, కళ్ళ నడుమ, ముక్కు వెనుక లోతున. వీటినే సైనసులంటారు. వీటి లోపలి పొర నిత్యం జిగట ద్రవాన్ని స్రవిస్తుంది. కంటికి కనిపించని కేశాలు దానిని సన్నని ద్వారాల గుండా ముక్కులోనికి తోస్తాయి. చెంప గదికి ద్వారం అడుగున కాక పైభాగాన ఉంటుంది. పడిశం పట్టి పొర వాచినప్పుడు ద్వారం మూసుకుపోయి, ద్రవం నిలిచి, నొప్పి పుడుతుంది. చిక్కని పచ్చని చీమిడి, వాసన తెలియకపోవడం, ఒక్కొక్కప్పుడు జ్వరం దీని లక్షణాలు. ఇందులోనూ అధికభాగం వైరస్ వల్ల వచ్చి తనంతట తగ్గిపోయేదే. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా తగ్గినట్లే తగ్గి తిరగబెడితే, బాక్టీరియాను అనుమానించాలి.

పదేపదే వచ్చి, ఒకటి రెండు రోజులలో పోయే తలనొప్పి సంగతి వేరు. తమది సైనస్ తలనొప్పి అని తామే అనుకున్న, లేక వైద్యులు చెప్పగా నమ్మిన 2,991 మందిని పరిశీలించిన ఒక అధ్యయనం అమెరికాలో 2004లో వెలువడింది. వారిలో నూటికి 88 మందిది మైగ్రేన్ తరహా తలనొప్పి అని తేలింది. మన పెద్దలు పార్శ్వపు నొప్పి అన్నది దీనినే.

మరి మైగ్రేన్‌లో ముక్కెందుకు మూసుకుపోతుంది? ముఖానికీ, ముక్కుకూ, సైనసులకూ, మెదడును కప్పిన పొరలకూ స్పర్శజ్ఞానాన్నిచ్చేది ప్రధానంగా ఒకే నాడి. దాని పేరు త్రిధార నాడి. మెదడు పొరలలో పుట్టిన బాధ చెంపలోనో నుదుటిలోనో ఉన్నట్లు తోచడానికి కారణం ఇదే. ఈ నాడి ప్రేరేపితమైనప్పుడు మెదడు కాండం నుండి ప్రతిస్పందన ముఖనాడి మార్గంలో ముక్కుకూ కళ్ళకూ చేరుతుంది. ముక్కులోని రక్తనాళాలు ఉబ్బుతాయి, నీరు కారుతుంది, కళ్ళు చెమ్మగిల్లుతాయి. కాబట్టి ఇక్కడ ముక్కుదిబ్బడ తలనొప్పికి తల్లి కాదు, తోబుట్టువు.

గుర్తించడానికి మూడు ప్రశ్నలు చాలు. నొప్పితోపాటు వికారం కలుగుతుందా? వెలుతురు భరింపరానిదవుతుందా? గత మూడు నెలలలో ఒక్కరోజైనా తలనొప్పి వల్ల పని మానుకోవలసి వచ్చిందా? రెండింటికి “అవును” అన్నవారు ఆ మాట వైద్యునితో తప్పక చెప్పాలి. పుప్పొడి అలర్జీ కూడా ఉంటే రెండింటికీ వేర్వేరుగా చికిత్స అవసరం.

సొంత వైద్యంలో కొన్ని జాగ్రత్తలు. దిబ్బడ తగ్గించే స్ప్రేలను మూడు రోజులకు మించి వాడితే దిబ్బడ మరింత బిగుస్తుంది. నెలలో పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగితే, కాలక్రమాన ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం నేటికీ మన పెట్టెలలో సముద్రాలు దాటుతున్నది. అటువంటి లేపనాలలోని మెంథాల్ చల్లదనాన్ని గ్రహించే నాడులను తాకి, గాలి ధారాళంగా ఆడుతున్న భావన కలిగిస్తుంది. హాయి నిజమే, వాపు మాత్రం తగ్గదు. జలనేతి చేసేవారు కుళాయి నీటిని నేరుగా వాడరాదు. కాచి చల్లార్చిన నీరే వాడాలి. మెదడును తినివేసే అమీబా కుళాయి నీటితో ముక్కులో ప్రవేశించి, 2011లో లూయిసియానాలో ఇద్దరి ప్రాణాలు తీసింది.

హఠాత్తుగా వచ్చిన భరింపరాని నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, కంటి చుట్టూ వాపు, చూపు మందగించడం, యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పి – వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు.

తలనొప్పి వచ్చిన తేదీ, తోడుగా వచ్చిన లక్షణాలు, వేసుకున్న మాత్ర – ఈ మూడింటినీ రెండు నెలలు ఒక పుస్తకంలో వ్రాసి వైద్యునికి చూపండి. ఈ వ్యాసకర్త పదకొండేళ్ళ పొరపాటు బయటపడింది అటువంటి చిన్న పుస్తకంలోనే.