ఢాం అనేది తూటా కాదు... ఖాళీ ట్యాంకు!

విలన్ జీపులో పారిపోతుంటాడు. హీరో పిస్తోలు తీసి వెనక పెట్రోలు ట్యాంకుకి గురిపెడతాడు. ఢాం! జీపు నిప్పుల బంతై గాల్లోకి లేస్తుంది. నేల క్లాసులో ఈలలే ఈలలు!

మనలో మాట. మామూలు సీసం తూటా తగిలితే ట్యాంకుకి బెజ్జం పడుతుంది, పెట్రోలు కారుతుంది. సాధారణంగా అంతే. తెర మీది మంటంతా ముందుగా అమర్చిన మందుగుండు మహిమ. నిజంగా బాంబులా పేలే ట్యాంకు వేరే ఉంది. అది పెట్రోలు వంపేసిన ఖాళీ ట్యాంకు! పేలే చోటు వెల్డింగు షాపు!

సొంతంగా కారు కట్టే సరదా మనవాళ్లకి కొత్త కాదు. హైదరాబాదులో కె. సుధాకర్ గారు వంకాయ కారు, బర్గరు కారు, బూటు కారు కట్టి, 2010లో బహదూర్‌పురాలో వాటికో మ్యూజియమే పెట్టేశారు. ఇక గుంటూరు నుంచి పొన్నూరు పోయే దారిలోని చేబ్రోలు చూడండి. అక్కడ ట్యాంకు అనగానే పెద్దలకు గుర్తొచ్చేది చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న కోనేరు. కానీ అదే మండలం వడ్లమూడిలో ఇంజనీరింగు చదివే కుర్రకారుకి? పాత ఇంజను, నాలుగు ఇనప గొట్టాలు కనిపిస్తే చాలు, కారు బొమ్మ గీసెయ్యాలనిపించే వయసు! ఇంజను మీద ఉండే మోజు ట్యాంకు మీద ఉండదు. పాత ట్యాంకొకటి తెచ్చి, కోసి, అతికేద్దాం అనుకుంటారు. “పెట్రోలు వంపేశాంగా, ఇంకేం భయం?”

భయం అక్కడే ఉంది! అంటుకునేది పెట్రోలు కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి నూటికి ఒకటిన్నర పాలు మొదలు ఏడున్నర పాళ్ల దాకా ఉంటే నిప్పురవ్వ చాలు. ఆవిరి గాలికంటే బరువు కాబట్టి అడుగునే తిష్ట వేస్తుంది. ఓసారి నీళ్లతో కడిగినా అతుకుల్లో, తుప్పులో దాగిన చెమ్మ వేడికి మళ్లీ ఆవిరవుతుంది. కాబట్టి పాతదాని జోలికి పోకుండా కొత్త రేకు కొనండి. ఇందులో బేరాల్లేవు.

లెక్క సులువే. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 25 ఎత్తు అంటే 30 లీటర్లు. అంచు దాకా నింపకూడదు. మన ఎండలకి పెట్రోలు ఉబ్బుతుంది. 20 లీటర్లు 30 డిగ్రీలు వేడెక్కితే అర లీటరు పైచిలుకు పెరుగుతుంది మరి! నిండుకుండ తొణకదంటారు గానీ సగం ట్యాంకు తొణుకుతుంది. మలుపులో పెట్రోలంతా ఓ పక్కకి పోతే ఇంజను దగ్గుతుంది. అందుకే లోపల బెజ్జాలున్న అడ్డరేకులు పెట్టాలి. గాలి గొట్టం మరిస్తే, పెట్రోలు తగ్గేకొద్దీ లోపల వెలితి పెరిగి బండి నడిరోడ్డు మీద మొరాయిస్తుంది. కారు తిరగబడితే ఆ గొట్టంలోంచే పెట్రోలు కారకుండా దానికో కవాటం కూడా కావాలి.

ఎక్కడ బిగించాలి? పొగగొట్టానికి దూరంగా, వెనక ఇరుసుకి ముందు, రబ్బరు పట్టీల మీద. ఇరుసు వెనక ట్యాంకు పెట్టిన ఫోర్డ్ పింటో వెనక నుంచి గుద్దితే అంటుకుంటోందని 1978లో అమెరికాలో 15 లక్షల కార్లు వెనక్కి పిలిపించారు. 1981 నాటి ‘మ్యాడ్ మాక్స్ 2’లో మెల్ గిబ్సన్ నల్లకారుకి వెనకాల రెండు పీపాలుంటాయి, చూశారా? తెర మీద భలే అందం, ఇంట్లో మాత్రం వద్దు. ‘కల్కి’లో మన బుజ్జికి ఈ గొడవే లేదనుకోండి, అది బ్యాటరీ బండి!

ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి పాతరకం రబ్బరు గొట్టాలు చివికిపోతాయి. తట్టుకునేవే అడిగి కొనండి.

పరీక్షకి సైకిల్ పంక్చర్ల విద్యే చాలు. కొత్త ట్యాంకులోకి పంపుతో కొద్దిగా, రెండు మూడు పౌండ్లకి మించకుండా, గాలికొట్టి అతుకుల మీద సబ్బునీళ్లు రాయండి. బుడగొస్తే చిల్లే. రోడ్డెక్కాలంటే రవాణా శాఖ వారి అనుమతి వేరే సంగతి.

అన్నీ సరిపోయాక రెండు లీటర్లే పోసి, కింద పాత కాగితాలు పరిచి, ఆరుబయట ఓ రాత్రి వదిలెయ్యండి. తెల్లారి మరక లేకపోతేనే తాళంచెవి తిప్పాలి. కాగితాలు లేకపోతే ఈ సంచికే పరవండి... చదివాకే సుమా!